దణ్ణం పెట్టలేదని

రేవులో జరిగిన కొట్లాట కేసులో నన్ను రిమాండుకు పంపారు. జైల్లో ఒకరోజు మంచినీళ్ల కోసం గట్టిగా అరిచానని, నా చేతులు వెనక్కి విరిచి కిటికీ ఊచలకు బేడీలు వేశారు. సరిగ్గా అప్పుడే పెద్ద సారు రౌండుకొచ్చాడు.

"సారొచ్చినా దణ్ణం పెట్టవేట్రా?" అన్నాడు వార్డరు.

"సేతులు ఎనక్కి కట్టీసి దణ్ణమెట్టమంటే ఎలాగ బాబూ?" అన్నాను.

పక్క గదిలో ఎవడో నవ్వాడు. అంతే, వార్డర్లు లాఠీలందుకున్నారు. బేడీలు తియ్యకుండానే కొట్టారు. కింద పడిపోదామన్నా ఊచలు పడనివ్వలేదు. చివరికి నేనే వార్డరు మీద చెయ్యి చేసుకున్నానని రాసుకున్నారు. ఏ చెయ్యో వాళ్లకే తెలియాలి!

బెయిలు మీద మా ఊరు భావనపాడు వచ్చి, ఆదివారం చర్చికి వెళ్లాను. నాతో వలలు లాగినవాళ్లే నా చుట్టూ చాప ఖాళీగా వదిలేసి కూర్చున్నారు. పాస్టరుగారు చేతులెత్తి స్తుతించమన్నారు. అందరి చేతులూ లేచాయి. నా కుడి చెయ్యి ఇప్పుడు ఛాతీ దాటి లేవదు. ఒక్క ఎడమచెయ్యే ఎత్తడానికి సిగ్గేసి, రెండూ ఒళ్లోనే పెట్టుకున్నాను.

ప్రార్థన అయ్యాక సంఘపెద్ద సత్యానందం మావ నా దగ్గరకొచ్చాడు. ఊళ్లోకి వచ్చాక నన్ను పలకరించిన మొదటి మనిషి ఆయనే.

"ఒరే ఇమ్మానుయేలూ, జైలుకెల్లొచ్చినా పొగరు తగ్గలేదేట్రా? దేవుడికైనా సేతులెత్తవేటి?"

ఇలాంటి ప్రశ్నకు జైల్లో ఒకసారి జవాబు చెప్పినవాణ్ణి.

నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్లి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.