నాలుగో నిమ్మకాయ

కొత్త టైర్లు వేసిన బండి ఏదైనా సరే, హేమ్లి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాల్సిందే. కొడుకు జైరాం హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రెండు టన్నుల స్పోర్ట్స్ కారు కిందా పెట్టింది. జైరాం బండిని మెల్లగా కదిలించాడు. మూడు కాయలు చితికి వాకిట్లో పులుపు వాసన లేచింది. వెనక ఎడమ చక్రం కింది కాయ మాత్రం అప్పుడే కోసినట్టు నిగనిగలాడుతూ ఉంది.

"పక్కనుంచి పోయి ఉంటది యాడీ," అన్నాడు జైరాం తల్లితో. "నీ నిమ్మకాయ నా బండిని జూసి జడుసుకుంది."

"నవ్వకురా. మంచిది కాదిది," అంది హేమ్లి.

చక్రం కాయ మీదుగానే వెళ్లడం జైరాం భార్య కళ్యాణి చూసింది. కాయను తీసి చున్నీ అంచున ముడి వేసుకుంది.

మర్నాడు జైరాం రేసు ట్రాక్‌కు వెళ్లాలి. అక్కడ ఎవరి బండిని వాళ్లు ఎంత వేగంగానైనా తిప్పుకోవచ్చట. ఏ సైజు టైర్లతో వెళ్లాలన్నదే అతనికి తేలడం లేదు. సన్నవి ఒక సెట్టు, వెడల్పువి ఒక సెట్టు తెచ్చుకున్నాడు.

"బరువు బండి కళ్యాణీ. మలుపుల బరువంతా బయటి టైర్ల మీద పడ్తది. సన్నయి ఏస్తే పట్టు సాలక తోక గిర్రున తిరుగుతది," అని ముందురోజు ఫోన్లో అతనే చెప్పాడు. అందుకే వెడల్పువి వేసుకునే వచ్చాడు. ఒకసారి చూసొద్దామని ఆమెను ఎక్కించుకుని తండా దాటి అడవి రోడ్డు పట్టాడు.

రోడ్డు మీద మనిషి లేడు. గుంత వచ్చినప్పుడల్లా కళ్యాణి కూర్చున్న వైపు ముందు చక్రం 'దడ్' మనేది. దాని వెంటే వెనక చక్రం చప్పుడు రావాలి. రాలేదు. ఎన్ని గుంతలు దాటినా రాలేదు.

జైరాం బండి ఆపి దిగి, టైర్ల మీద అరచెయ్యి ఆనించి చూశాడు. టైరు ఎంత పని చేసిందో దాని వేడే చెబుతుందట. మూడు కాలుతున్నాయి. వెనక ఎడమది కుండలో నీళ్లంత చల్లగా ఉంది.

"వెడల్పు ఎక్కువైంది," అన్నాడు. "వేడెక్కని టైరు పట్టదు. సన్నదైతే జల్దీ ఎక్కుతది. రేపు నాలుగూ సన్నయే ఏస్త."

"తోక తిరుగుతదన్నవ్ గదా?"

"టైరే చెప్తాంటే ఇనొద్దా?"

ఆ ఒక్క చక్రం మాట నమ్మి ఈయన రేపు అంత వేగంతో మలుపు తిరుగుతాడు, అనుకుంది కళ్యాణి. నీళ్ల సీసా కోసం డిక్కీ తెరిచి, లోపలికి చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కుంది. అడుగున పరిచిన పట్ట మీద ఉన్న చిన్న రాయి పెనంలా కాలుతోంది. దాని కింది పట్ట చల్లగానే ఉంది. పక్కనున్న రేకూ చల్లగానే ఉంది.

"ఈ రాయి ఏడిదయ్యా?"

"హైదరాబాద్‌నుంచి వచ్చేటప్పుడు మలుపుకాడ ముందు టైరు రాస్తాంటే జాకీ ఎత్తిన. బండి జారకుంట ఎనక ఎడమ చక్రానికి అడ్డం పెట్టిన. మల్ల పనికొస్తదని ఏసుకొచ్చిన."

"మలుపుకాడ ఏడ?"

"రోడ్డు పక్కన వరుసగ నిలబెట్టి లేవా? పెద్దయి రాలే. చిన్నది పీకిన."

కళ్యాణికి ఆ రాళ్లు తెలుసు. అవి కోయవాళ్లు చనిపోయినవాళ్ల పేరున నిలబెట్టిన రాళ్లు. బడికి వెళ్లే రోజుల్లో కోయ స్నేహితురాలు ముత్తక్క అక్కడికి రాగానే గొంతు తగ్గించేది. ఆ చిన్న రాయి ఎవరిదని అడిగితే తల తిప్పుకుంది.

"నీ చక్రం ఇంకా దీని మీదనే ఉన్నది," అంది కళ్యాణి.

జైరాం నవ్వబోయాడు. రాయి మీద చెయ్యి పెట్టాడు. వంగి మళ్లీ టైరు మీద పెట్టాడు. బండిని మలుపు వైపు పోనిచ్చాడు.

వాళ్లు చేరేసరికి పొద్దు వాలింది. రాళ్ల వరుసలో ఒకచోట పన్ను ఊడిన చిగురులా గుంట ఉంది. జైరాం దిగలేదు. కళ్యాణే పట్టలో చుట్టిన రాయిని మోసుకెళ్లి, గుంటలో నిలబెట్టి, చుట్టూ మట్టి అదిమింది.

వెనక 'ధబ్' మంది. తిరిగి చూస్తే బండి వెనక ఎడమవైపు కుంగి, రెండుసార్లు ఊగి నిలబడింది. ఇంతసేపూ ఎత్తి పట్టుకున్నవాళ్లెవరో వదిలేసినట్టు. చుట్టూ ఆకు కదలడం లేదు.

కళ్యాణి వెళ్లి ఆ టైరు ముట్టుకుంది. కాలింది.

"సన్నయి వద్దు," అన్నాడు జైరాం లోపలినుంచి, స్టీరింగ్ వదలకుండా. "ఇవే ఉండనీ."

ఆమె ఎక్కి కూర్చుని తలుపు వేసుకుంది. ఒడిలో ఏదో తడి తగిలింది. చున్నీ ముడి విప్పింది. నిమ్మకాయ అప్పడంలా అణిగిపోయి ఉంది. తొక్క మీద టైరు గీతలు తేటగా పడి ఉన్నాయి.