ముట్టుకోకు

ఆ ఇంట్లోకి విలువైన వస్తువేది వచ్చినా ముందు దాని మీద గుడ్డ పడుతుంది, తర్వాత నిషేధం పడుతుంది. టీవీ, కంప్యూటర్, కారు అయ్యాక ఆ వరసలో డయాలిసిస్ మిషన్ వచ్చింది. రెండు కిడ్నీలూ చేతులెత్తేసిన హెడ్ క్లర్కుగారు ఆసుపత్రి చుట్టూ తిరగలేక, ఇంట్లోనే రక్తం శుభ్రం చేసుకుంటానని పెట్టించుకున్నారు.

మిషన్ నడపడం నేర్చుకున్న మనిషి ఒకరు పక్కన ఉండి తీరాలని ఆసుపత్రి షరతు. ఆ మనిషి భార్య. శిక్షణకి ఇద్దరూ వెళ్లారు. నర్సు ఆవిణ్ణి అడిగిన ప్రతి ప్రశ్నకీ ఆయనే జవాబు చెప్పారు.

"ఆవిణ్ణి చెప్పనివ్వండి సార్."

"దానికేం తెలుసమ్మా? నేను చెప్తాను, అది తలూపుతుంది. మా ఇంట్లో పద్ధతే అది."

ఆవిడ తలూపింది. ఇద్దరూ పాసయ్యారు.

ఆ రోజు ఆయన టీలు దండిగా లాగించి, ఒళ్లు ఉబ్బి కుర్చీలో కూర్చున్నారు. ఒంట్లోంచి ఎంత నీరు తీయాలో మిషన్‌కి చెప్పేచోట అంకె పెంచేశారు.

"ఒక్కసారే అంత తీయకూడదన్నారు కదండీ నర్సు?"

"తీస్తే ఏం, అరిగిపోతుందా? పెట్టించుకున్నది దేనికి, చూసి మురవడానికా? నువ్వు ముట్టుకోకు."

కాసేపటికి ఆయనకి ఆవులింతలు మొదలయ్యాయి. మొహం పాలిపోయింది. మిషన్ కూత పెట్టింది.

"బీపీ పడిపోతోందండీ. సెలైన్ వదలనా?"

"ముట్టుకో...కు. నేను చెప్తా..."

చెప్పకుండానే తల వాల్చేశారు.

ఏం చేయాలో ఆవిడకి తెలుసు. నీరు లాగడం ఆపాలి, కుర్చీ వెనక్కి వాల్చాలి, సెలైన్ గొట్టానికున్న క్లిప్పు తీయాలి. మొదటి రెండూ చేసి, క్లిప్పు మీద వేలు పెట్టి ఆగింది. ముందు అలవాటు కొద్దీ ఆగింది, ఆయన చెప్తారేమోనని. తర్వాత ఆగింది మాత్రం అలవాటు వల్ల కాదు. అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతున్నా, పెళ్లయిన ఇన్నేళ్లలో ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. మధ్యలో లేవకుండా ఒక కప్పు కాఫీ తాగొచ్చు. ఆయన పెదాలు నల్లబడుతున్నాయి. ఆవిడ చూస్తోంది.

చూస్తున్నది తనేనని తట్టగానే క్లిప్పు లాగేసింది.

కాసేపటికి ఆయన కళ్లు తెరిచారు.

"ఎవరు ముట్టుకోమన్నారు?"

"మీరేనండీ. సెలైన్ వదలమన్నారు."

ఆయన ఆలోచించారు.

"ఆఁ, అన్నాను. చూశావా, ఆ స్థితిలో కూడా నా బుర్ర పనిచేసింది కాబట్టి సరిపోయింది. నీకే వదిలేసుంటే ఈపాటికి..."

"పోయేవారండీ," అందావిడ.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన మాటని మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం అదే మొదలు.