పదకొండో దిమ్మె జ్వరం

జలాలకు ఏలికవు, పలికిన మాటకు సాక్షివి అయిన వరుణదేవా! నీ ప్రవాహానికి అడ్డంగా గోడ కట్టిన మనుషుల కథ చెప్పబోతున్నాను. నా నాలుక తడబడకుండా కాపాడు.

పదకొండో దిమ్మె దగ్గర ఒక పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని, కాంక్రీటులోకి దించిన సన్నని గొట్టంలోంచి ఉష్ణమాపకాన్ని దారంతో పైకి లాగుతున్నాడు. ఆనకట్ట కడుపులోని ఆ సొరంగంలో కప్పు నుంచి జారే నీటిబొట్లు మెడ మీద పడుతున్నాయి. అరవైకి దగ్గరైన మనిషి. వంగిన వీపు, సిమెంటు తినేయగా గరుకుబారిన వేళ్ళు, కుడి కన్ను చికిలించి చూసే అలవాటు. రోజూ గోడకు వేడి చూస్తాడు గనుక కూలీలు ఆయనకు జ్వరం తాత అని పేరు పెట్టారు. రోగి ఎలా ఉన్నాడని వాళ్ళు అడిగితే, ఇంకా పథ్యమే అనడం ఆయన వంతు.

ఆ రోజు పాదరసం పద్దెనిమిది దగ్గర నిలిచింది.

ఆ ఆనకట్ట విల్లులా వంగి, రెండు కొండలకు భుజాలు ఆనించి నిలవాలి. విడివిడి దిమ్మెలుగా పోసిన కాంక్రీటును చల్లనీటి గొట్టాలతో పద్నాలుగు డిగ్రీలకు దించాకే నడిమి సందుల్లోకి పంపుతో పల్చటి సిమెంటు పాలు ఎక్కించాలని నక్షాలో రాసి ఉంది. వేడి మీద సందు పూడిస్తే, తరువాత చల్లారి ముడుచుకునే దిమ్మెలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. దిగువ ఊళ్ళన్నీ ఆ విల్లును నమ్ముకునే నిద్రపోవాలి.

లోపలి తడికి సిరా అలుక్కుపోతుందని, ఆయన పొద్దున్నే పైన పొడి గదిలో కొలతల పుస్తకంలో ఆనాటి పుటకు సిరాతో సంతకం పెట్టి, సొరంగంలో పెన్సిలుతో అంకెలు వేసేవాడు. ఆరేళ్ళుగా అదే పద్ధతి. ఎవరూ తప్పు పట్టలేదు, ఆయనకూ తప్పని తోచలేదు.

పైకి వచ్చేసరికి పదకొండో సందులోకి సిమెంటు పాలు ఎక్కుతున్నాయి. ఎవరు చెప్పారని అడిగితే పంపు మేస్త్రి ఆయన చేతిలోని పుస్తకంలోనే నిన్నటి పుట తీసి చూపించాడు.

"నీ సంతకమే కదా తాతా. జ్వరం దిగిందని నువ్వే రాశావుగా."

నిన్న తాను వేసింది పంతొమ్మిది. పుటలో ఉన్నది పద్నాలుగు. బొటనవేలితో తడిమితే అంకె చెరిపిన చోట కాగితం నూగు లేచి ఉంది. ఆ నాలుగుకు తల మూసి ఉంది. అలా వేయడం ఒకప్పుడు పలక మీద ఒక పిడికిలి పట్టుకుని ఆయన దిద్దించినదే. చెల్లెలు పోయాక తెచ్చి పెంచుకున్న మేనల్లుడి పిడికిలి అది. ఆ మేనల్లుడే ఇప్పుడు ఇక్కడ ఇంజనీరు.

నక్షాల గదిలో మేనల్లుడు తలెత్తలేదు. వానలకు ముందే తలుపులు దించి జలాశయం నింపాలని, పైవాళ్ళు గడువు పెట్టారని, నాలుగైదు డిగ్రీలకు కొండలేమీ కదలవని చెప్పాడు. పంపు ఆపించమని ఆయన అడిగాడు.

"ఆపితే ఎందుకని అడుగుతారు మామయ్యా. పుస్తకంలో సంతకం మీది. నాది ఎక్కడా లేదు."

ఆ గొంతులో బెదిరింపు లేదు. ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్న నిదానం ఉంది.

"నాలుగు వేయడం నేర్పింది నేనేరా," అన్నాడు మెల్లగా.

మేనల్లుడు కిటికీలోంచి బయటికి చూస్తూ, మామయ్య కళ్ళు మసకబారాయని, రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదని, అత్తయ్యకు తానే నచ్చజెబుతానని అన్నాడు. జ్వరం తాత పెద్ద ఇంజనీరు దగ్గరికి వెళితే, ఆ అధికారి పుస్తకం తెరిచి, సంతకం మీద వేలు పెట్టి చూపించి, మూసేశాడు.

రాతిపనివాడి దగ్గర ఉలి, సుత్తి అడిగి తీసుకుని జ్వరం తాత మళ్ళీ సొరంగంలోకి దిగాడు. పదకొండో దిమ్మె ముఖాన తేదీ చెక్కాడు. పద్దెనిమిది చెక్కాడు. అంకె పూర్తయ్యాకే కింద తన పేరు చెక్కాడు. ఉలి, సుత్తి తిరిగి ఇచ్చేసి, కూలీల వరుసలో కలిసి గేటు దాటి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

మర్నాడు ఆ చెక్కడం మీద పూత వేయమని మేనల్లుడు ఒక తాపీ మేస్త్రిని పంపాడు. మేస్త్రి దీపం ఎత్తి అది రెండుసార్లు చదివాడు. జ్వరం చూసినట్టు గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. సాయంత్రానికి అంకెలు అలాగే ఉన్నాయి, వాటి కింద మేస్త్రి లేడు. మేస్త్రి తట్ట ఉంది, అందులో తాపీ నిలువునా గుచ్చి ఉండగానే సిమెంటు రాయిలా గడ్డకట్టి ఉంది.

ఈ కథ విన్నవారందరి నమ్మకమూ మంచి చేతుల్లో పడుగాక. వారి ఊళ్ళు చల్లగా ఉండుగాక.