ఫ్రిజ్ కథ చెప్పని రోజు

హాస్యం చెప్పే పనిలోకి దిగినప్పుడు ఔనీ చేతిలో ఉన్న సరుకు మూడే: వెళ్లిపోయిన భార్య, మూతపడిన చెప్పుల దుకాణం, చక్కెర జబ్బు. ఉత్తపుణ్యానికి ఇచ్చినా ఎవరూ పుచ్చుకోని సరుకు. దాన్నే గురువారం సాయంత్రాల్లో స్టాండప్ కామెడీ అని పేరు పెట్టి నలభై మంది ముందు పరిస్తే, టికెట్ కొని మరీ నవ్వి వెళుతున్నారు. ఆరేళ్లయినా సరుకు తరగలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం అతను జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో, దిగువ బజారులో తన బండి దగ్గర నిలబడి, అప్పుడే విప్పిన బేలులోంచి పాత కోట్లు తీసి దులుపుతున్నాడు. యాభై నాలుగేళ్లు. పొట్టి మనిషి. ఉబ్బిన కాళ్లకు వదులు చెప్పులు. ఒక్కో కోటునూ వెలుతురుకెత్తి, చంకల కింద, జేబు అంచున వేళ్లతో తడిమి చూసేవాడు. చిరుగు తగిలితే అదే పైకి కనబడేలా మడిచి పెట్టేవాడు. కొనేవాడు కనిపెట్టిన చిరుగు బేరాన్ని చెడగొడుతుంది, అమ్మేవాడు చూపిన చిరుగు నమ్మకాన్ని తెస్తుంది. అతని వ్యాపారమంతా ఆ ఒక్క ముక్క మీదే నడిచింది.

పక్క బండిలో మేజోళ్లమ్మే కాయెద్ మెడ సాచాడు.

"అబూ అరీజ్, పొద్దున నీ గురించి ఒకాయన అడిగి పోయాడు."

కూతురి పేరు మీద బజారంతా అతన్ని అలాగే, అబూ అరీజ్, అంటే అరీజ్ తండ్రీ అని పిలుస్తుంది. ఔనీ చేతిలోని కోటు ఆగింది. "ఎవరు?"

"నాకేం తెలుసు? రొట్టెల కొట్టు ముందు నిలబడి, మనిషెలాంటోడు, ఇల్లెలాంటిది అని ఒకటే ఆరా. బూడిదరంగు కోటు, చేతిలో పసుపురాళ్ల జపమాల." కాయెద్ పళ్లికిలించాడు. "అయినా నీ విషయంలో వాకబెందుకయ్యా, పిచ్చోడు కాకపోతే? టికెట్ కొంటే అన్నీ నువ్వే చెప్తావుగా!"

ఔనీ నవ్వలేదు. ఆ బూడిదరంగు కోటును అతనికి తెలుసు. మూడు గురువారాలుగా మూడో వరుస చివరి కుర్చీలో కూర్చుంటోంది. అందరూ పొట్ట పట్టుకుంటే ఆయన నవ్వడు. పెదవులు మాత్రం కదుపుతాడు, సాక్ష్యం బట్టీ పడుతున్నవాడిలా.

మందుల దుకాణంలో పనిచేసే కూతురు అరీజ్‌కు ఇది మూడో సంబంధం. తల్లి వదిలేసి పోయిన ఇల్లని తెలిసి మొదటి రెండూ తప్పిపోయాయి. ఈసారి కుర్రాడు ముతసిం. పిల్లకు అతని మీద మనసుందని ఔనీకి చెప్పకుండానే తెలుసు. కుర్రాడి తల్లి జబ్బుతో మంచాన ఉండడంతో మేనత్తలు వచ్చి చూశారు, మిఠాయి తిన్నారు, పిల్ల నచ్చిందన్నారు. ఇక మగవాళ్ల వంతు. ముందు పేటంతా వాకబు చేసి, తరవాతే గడప తొక్కుతారు.

మిగతా మధ్యాహ్నమంతా ఔనీకి ప్రతి మొహమూ గూఢచారి మొహంలాగే కనబడింది. టీ తెచ్చినవాడు అదనంగా రెండు క్షణాలు నిలబడితే ఎందుకా అనుకున్నాడు. ఒకావిడ కోటు ధర అడిగి కొనకుండా వెళ్తే, ఆమె వెళ్లిన సందు మొగదాకా చూశాడు.

పొద్దు వాలే వేళకు హాల్లో దీపాలు వెలిగాయి. మూడో వరుస చివర బూడిదరంగు కోటు ఉండనే ఉంది.

మామూలుగా అయితే ఔనీ మొదలు ఇదీ: "మా ఆవిడ ఫ్రిజ్ తీసుకుని వెళ్లిపోయింది. నా ఇన్సులిన్ అందులోనే ఉంది. ఇన్సులిన్ పోయిందని ఆ పూటే తెలిసింది. ఆవిడ పోయిందని తెలియడానికి మూడు రోజులు పట్టింది." ఆ తరవాత కోర్టు. "ఈయన ఇంట్లో నోరు విప్పడని జడ్జికి చెప్పింది. ఇప్పుడు రమ్మనండి. నా మాట వినాలంటే టికెట్ కొనాలి."

ఆ రోజు మాత్రం, ఇదివరకు విన్నవన్నీ నవ్వుల కోసం కల్పించినవని ఆయన అనుకోవాలని, టాక్సీల మీద, కరెంటు ఆఫీసు వరసల మీద ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి చెప్పాడు. తల్లికి జబ్బు చేస్తే చూసుకోవడానికి భార్య మైసూన్ పుట్టినూరు కరక్ వెళ్లిందనీ, ఆమె లేక ఇల్లు బోసిపోయిందనీ కలిపాడు. జనం దగ్గారు. కుర్చీలు కిర్రుమన్నాయి.

వెనక నుంచి ఒకడు అరిచాడు: "ఫ్రిజ్ సంగతి చెప్పు అబూ అరీజ్!"

"ఏ ఫ్రిజ్?" అన్నాడు ఔనీ.

అక్కడ నవ్వారు గానీ, వాళ్లు నవ్వింది అతని మాటకు కాదు, అతన్ని చూసి. ఆ తేడా అతనికి తెలుసు.

గుమ్మం దగ్గర బూడిదరంగు కోటు ఎదురుచూస్తోంది. "ముతసిం తండ్రిని. మీ ఇల్లు దగ్గరేనట, ఒక కాఫీ తాగుదామా?"

కొండ మెట్లు ఎక్కుతున్నంతసేపూ ఆయన పంటల గురించి మాట్లాడాడు. మూడు చోట్ల ఆగి ఔనీ ఊపిరి తీసుకునేదాకా నిలబడ్డాడు. మంచివాడేనేమో అనిపించింది ఔనీకి. మంచివాడైతే మరీ జాగ్రత్తగా ఉండాలనుకున్నాడు.

అరీజ్ పళ్లెంలో కాఫీ తెచ్చింది. అబూ ముతసిం కప్పు అందుకుని, తాగకుండా బల్ల మీద పెట్టాడు. ఔనీ ముందుకు జరిగి కూర్చున్నాడు. పిల్లనడగడానికి వచ్చినవాడు అలాగే పెడతాడు. అడుగుతాడు, సరే అనిపించుకుంటాడు, అప్పుడే తాగుతాడు.

ఆయన అడిగాడు. "అయితే, పిల్ల వాళ్లమ్మగారు కరక్ నుంచి ఎప్పుడొస్తారు?"

గోడవారన అరీజ్ తండ్రి మొహంలోకి చూసింది. నిజం చెప్పడానికి ఒక్క గుక్క ఊపిరి చాలు.

"వచ్చే వారం," అన్నాడు ఔనీ.

అబూ ముతసిం తలాడించాడు. ఈ ఏడు ఆలివ్ కాపు పలచన అన్నాడు. జపమాల జేబులో వేసుకుని, "నీ చేతులకు ఆరోగ్యం తల్లీ," అని అరీజ్‌తో చెప్పి, కప్పు ముట్టకుండానే లేచాడు. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు తొందర లేకుండా దిగిపోయింది.

అరీజ్ గోడవార నుంచి ముందుకొచ్చింది.

"ఆ ఫ్రిజ్ కథ వాళ్లింట్లో అందరికీ వచ్చు నాన్నా. మంచాన ఉన్న భార్యకు ఆయనే ఇంటికెళ్లి చెప్పి నవ్విస్తాడట. తన మీద తనే ఇంత చెప్పుకునేవాడి ఇంట్లో దాచేదేముంటుంది అన్నాడట. ముతసిం చెప్పాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు సిగ్గుపడతావని."

"రొట్టెల కొట్టు దగ్గర ఎందుకు వాకబు చేశాడు మరి?"

"అది ఆచారం, చెయ్యకపోతే మనల్ని తక్కువ చేసినట్టని చేసుంటాడు. అదీ అనుమానమేనా?"

నలభై మంది ముందు ఆరేళ్లు గలగలలాడిన నోరు, మైసూన్ చెప్పినట్టే, ఇంట్లో తెరుచుకోలేదు. పిల్ల లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది, చప్పుడు కాకుండా.

ఆ రోజుకు అతనికి మిగిలింది బల్ల మీద ఉంది: అంచు దాకా నిండుగా ఒక కాఫీ కప్పు, పైన మీగడలా కట్టిన సన్నటి పొర, ఎవరి పెదవీ తగలని అంచు.