ఉరుగ్వే కాళ్లు

బేరానికి కూర్చునేవాడు ఎదుటివాడి సంచి చూసే ముందు తన బలహీనత చూసుకోవాలి. ఎర్మెటె అది చూసుకోలేదు.

ఇటలీలో బ్రుజాస్కోగారి బట్టలుతికే మెషీన్ల ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు అతని కుడిచేతి వేళ్లు రెండు తినేసింది. ఇప్పుడు అదే ప్రెస్సు మీద అతని కూతురు లొరెదానాను పెట్టారు. చెయ్యి లోపలుంటే ప్రెస్సు దిగకుండా ఒక అడ్డు బిగించమని కార్మికులు ఎంతకాలంగానో అడుగుతున్నారు. డబ్బెక్కడిదంటూ వచ్చిన యజమాని, ఆ వేసవిలో తన ఫుట్‌బాల్ జట్టుకోసం ఉరుగ్వే నుంచి లెస్కానో అనేవాణ్ణి కొనుక్కొచ్చాడు. వాడి కాళ్లకు బీమా కూడా చేయించాడు.

"కాళ్లకు బీమానట! మరి నీ వేళ్లకేమిచ్చారు మామా?" అన్నాడు రంగులు వేసే గ్వాల్తియెరో.

"ఆ క్రిస్మస్‌కు ఒక కేకు ఎక్కువిచ్చారు."

"ఒకటేనా? వేలికొకటైనా ఇవ్వలేదూ!"

ఆ నవ్వులోంచే కోపం రాజుకుంది. సోమవారం పొద్దున్నే పొగమంచులో, ఇనుప డ్రమ్ములో చెక్కలు మండించుకుని, అందరూ గేటుకు అడ్డంగా నిలబడ్డారు. అడ్డు బిగిస్తామని రాసిచ్చేదాకా ఒక్కరూ లోపలికి పోకూడదని మాట.

అయితే ముందురోజు ఆదివారం. పక్క ఊరి జట్టు మీద లెస్కానో రెండు గోల్స్ కొట్టాడు. తిట్టడానికని వెళ్లినవాళ్లు కూడా గంతులేసి వచ్చారు. అందరికన్నా గట్టిగా అరిచినవాడు ఎర్మెటె.

పొద్దెక్కాక యజమాని కారు వచ్చింది. అందులోంచి దిగింది లెస్కానో ఒక్కడే.

"మీరు పనిచేసే చోటు చూడాలని వచ్చాను. ఎవరైనా చూపిస్తారా?" అన్నాడు వచ్చీరాని ఇటాలియన్‌లో.

"దారివ్వకండి!" అన్నాడు ఎర్మెటె. గొంతు లేదు. గాలి వచ్చింది, మాట రాలేదు.

"నేను చూపిస్తా రా తమ్ముడూ!" అంటూ గ్వాల్తియెరో వంగి వాణ్ణి భుజాలకెత్తుకున్నాడు. ఎవరో పాట అందుకున్నారు. గేటుకు అడ్డంగా నిలబడ్డవాళ్లే ఊరేగింపుగా గేటు దాటారు. వెనక గేటు పడింది; ఎర్మెటె ఒక్కడే బయట మిగిలాడు. ప్రెస్సుకు అడ్డు బిగించే ఖర్చు తప్పించుకోవడానికి యజమానికి కాస్త పెట్రోలు సరిపోయింది.

"వచ్చినవాళ్లు హాజరు కార్డులు కొట్టండి. వెళ్లిపోతామంటే ఆ మాట లెస్కానోగారితోనే చెప్పి వెళ్లండి," అన్నాడు మేస్త్రీ. చెప్పేంత మొహం ఎవరికుంది?

లొరెదానా లోపలినుంచి గేటు కమ్మీల దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, చూడు! అరచేతిలో సంతకం పెట్టాడు. ఇక ఈ వారం చెయ్యి కడిగితే ఒట్టు!"

సిరా ఆమె కుడి అరచేతి నుంచి రెండు వేళ్ల మీదికి పాకింది. ఎర్మెటెకు లేని వేళ్లు అవే.

"ప్రెస్సు ముట్టుకోకు తల్లీ," అన్నాడు. గాలే వచ్చింది.

"ఏంటీ? గొంతు పోయిందా? నిన్న అంతలా అరవమని ఎవరన్నారు!" నవ్వుతూ లోపలికి పోయింది.

అతను గేటు పక్కనున్న చిన్న తలుపులోంచి దూరి, తన మూడు వేళ్లతో కార్డు కొట్టాడు. కూతురి పక్కన నిలబడతానని ప్రెస్సు వైపు చూపిస్తూ సైగ చేశాడు. మేస్త్రీ అతని చేతిలో చీపురు పెట్టాడు.

"నీకు ఇవాళ ఇక్కడ పని లేదు ముసలాయనా. స్టేడియానికి పో. నిన్న మీరు పోసిన చెత్తంతా అక్కడే ఉంది."

చీపురు పట్టుకుని గేటు దాటుతుంటే, వెనక ప్రెస్సు మొదటి దెబ్బ పడింది.