ఫోటోలో కింది సగం

రోజూ పొద్దున ఆరింటికి దయామణి పిల్లలిద్దరికీ ఫోన్ చేస్తుంది. పెద్దది స్నేహ బెంగుళూరులో నర్సింగు చదువుతోంది. చిన్నది జెనిఫర్ కుప్పంలో డిగ్రీ. రాత్రి ఏం తిన్నారు, ఎప్పుడు పడుకున్నారు, దగ్గు తగ్గిందా అని అడిగి, అవన్నీ కంప్యూటర్లో రాసిపెట్టి, ఆ తర్వాతే మదనపల్లెలో తాను వంట చేసే హాస్టలుకు బయల్దేరుతుంది. భర్త పోయాక ఆరేళ్ళు కువైట్‌లో ఒకరింట్లో పనిచేసినప్పుడు పట్టిన అలవాటది. పిల్లలు కురబలకోటలో ఆమె అత్త దగ్గర పెరిగారు. వాళ్ళ చిన్నతనం దయామణికి ఫోటోలుగానే అందింది. అరచేతిలో పట్టే ఒక నల్లటి హార్డ్ డ్రైవులో అదంతా దాచుకుంది.

ఆ మంగళవారం జెనిఫర్ ఫోను ఇంకెవరో తీశారు.

"ఆంటీ, నేను వాణిని, జెన్నీ రూమ్మేటుని. జ్వరం ఎక్కువైందని ఆస్పత్రిలో చేర్చినాము. డాక్టరు మీతో మాట్లాడాలంట."

డాక్టరు గొంతు నిదానంగానే ఉంది. "టైఫాయిడ్ అమ్మా. నేను వేయాలనుకుంటున్న సూది ఒకటుంది. అది ఈ అమ్మాయికి పడదు, చిన్నప్పుడు మొహం వాచింది అని హాస్టలు ఫారంలో మీరే రాశారు. గట్టిగా తెలుసా మీకు?"

"కనుక్కుని చెప్తాను సార్," అంది దయామణి.

"రెండింటి దాకా చూస్తాను. ఆ తర్వాత వేరే మందు మొదలుపెట్టాల్సిందే. అది దీనంత పనిచేయదు."

గట్టిగా తెలియదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పదిహేనేళ్ళ కిందట అత్త ఫోన్ చేసి, "పాపకు సూది పడలేదు, మొహమంతా వాచింది, ఇప్పుడు బాగుండాదిలే" అని మందు పేరు ఎవరితోనో చదివించి, నెట్ సెంటరు నుంచి ఫోటో పంపింది. కువైట్‌లో నెట్ నడుమ ఆగిపోయి పై సగమే వచ్చింది. కింది సగం ఒట్టి బూడిదరంగు. వాచిన మొహంలో ఆనవాలు దొరకలేదు. ఇద్దరివీ క్రిస్మస్‌కు ఒకే తానులో కుట్టించిన గౌన్లు. ఏ పాప అని అడగడానికి నోరు రాలేదు. కన్నతల్లివి, పోల్చుకోలేవా అంటుందని భయం. మెడ దగ్గర గౌను వదులుగా ఉంది కదా, చిన్నదే అయ్యుంటుందనుకుని జెనిఫర్ అని రాసుకుంది. రాసుకున్నది ప్రతి ఫారంలోకీ పోయింది. ఇప్పుడు అత్త లేదు. స్నేహను అడిగితే, "నాకేం గుర్తుంటాది మా? నీ లిస్టులో ఉంటాది కదా," అంది.

ఆ ఫోటో ఇంకోసారి చూద్దామని డ్రైవు తగిలించింది. లోపం ఉంది, సరిచేయాలా అని కంప్యూటరు అడిగింది. నొక్కింది. అయిపోయిందని చెప్పినా మనసు ఒప్పక మళ్ళీ నొక్కింది. గ్యాసు కట్టేసిందో లేదో మూడుసార్లు చూసుకునే మనిషి, మూడోసారీ నొక్కింది. తెరిచి చూస్తే ఫోల్డర్లు లేవు, పేర్లు లేవు. వరసగా అంకెలు. ఏది నొక్కినా తెరుచుకోదు.

డ్రైవు సంచిలో వేసుకుని బస్సెక్కి పుంగనూరులో దిగింది. కుప్పానికి ఎటూ అదే దారి.

బస్టాండు వెనక ఉమాపతి అంగడి. చెడిపోయిన డ్రైవులు అందరూ అక్కడికే తెస్తారు, చీమలు ఉన్నది అక్కడే కాబట్టి. ఉమాపతి పొద్దున్నే నల్లరాతి పలక పక్కన బియ్యప్పిండి పోస్తాడు. డ్రైవు తగిలిస్తే చీమలు బారులు కట్టి వచ్చి, లోపల ఉన్నదాన్ని ఆ పిండితో పలక మీద పేరుస్తాయి. గిరాకీలు సణిగేది ఆలస్యం గురించే.

"మూడుసార్లు నొక్కినావా?" ఉమాపతి తలెత్తాడు.

"ఒకసారితో సరిపోదనుకున్యానప్పా."

"జరంతో పండుకున్నోన్ని లేపి మూడుసార్లు పరిగెత్తించినట్టుండాది. ముందు నకలు తీసుకోవాల. మరమ్మతు ఏదైనా నకలు మీదనే, అసలు మీద కాదు."

"అంతా పోయినట్టేనా?"

"యాడికి పోతాదమ్మా. ఇండ్లుండాయి, ఇండ్లల్లో మనుషులుండారు. తలుపుల మీద పేర్లు సెరిగిపోయినాయి, అంతే."

బెంచీ మీద చెంగమ్మ అనే పెద్దావిడ కూర్చుని ఉంది. మనవరాలి ఫంక్షన్ వీడియో కోసం మూడు దినాలుగా వస్తోందట. "ఇంకా వడ్డన కాడే ఉండాయి ఈ సీమలు," అంది. జెనిఫర్ సంగతి విని జరిగి చోటిచ్చింది. "ఆమెదే ముందు పెట్టప్పా. మావోళ్ళు ఈ పొద్దుకు తిని లేసేట్టు లేరు."

నకలు మొదలైంది. అరవై శాతం దగ్గర ఆగింది. డ్రైవు లోపల టక్కు టక్కుమని కొట్టుకుంటోంది. దయామణి కొంగు వేలికి చుట్టుకుంటూ గోడ గడియారం చూసింది. పన్నెండు నలభై.

"సదవలేని చోటును దాటిపోతాది. కడాకు మళ్ళీ దాని కాడికి వస్తాది. నువ్వు కూసో," అన్నాడు ఉమాపతి.

ఒంటిగంట దాటాక నకలు ముగిసింది. ఉమాపతి దాన్ని పలకకు తగిలించాడు. చీమలు వచ్చాయి. మొదట ఒక రేషన్ కార్డు పేర్చాయి. దాన్ని చెరిపి సండే స్కూలు పాట ఒకటి, మూడు చరణాలూ పేర్చాయి.

"ఫోటో తెమ్మని చెప్పలేవా అప్పా?"

"చెప్తే ఇనేవైతే నాకంటే ముందు నా పెండ్లాము చెప్పుండును."

ఒకటిన్నరకు జుట్టు కనబడింది. తర్వాత నుదురు, మూసుకుపోయిన కళ్ళు, ఉబ్బిన పెదవులు. "అయ్యో బిడ్డా," అంది చెంగమ్మ. వదులు మెడ గౌను దాకా పేర్చి చీమలు ఆగాయి.

"అంతేనప్పా. నాకు ఆ పొద్దు వచ్చింది అంతే."

"పంపినోళ్ళు పూర్తిగా పంపిండారు కదమ్మా. ఉండు."

బారు కదిలింది. నడుము, గౌను కుచ్చులు, ఒళ్ళో చిన్న చేతులు. మోకాళ్ళు. కుడి మోకాలు తెల్లగా నిండింది. ఎడమ మోకాలి మీద రూపాయి బిళ్ళంత చోటు నల్లగానే ఉండిపోయింది.

"అది ఇంకా పేర్చాల్నా?" దయామణి పలక మీదికి వంగింది.

ఒక చీమ పిండి రేణువుతో ఆ చోటు అంచు దాకా వచ్చింది. ఆగింది. చుట్టూ తిరిగి అవతలికి పోయింది. దాని వెనక వచ్చినవన్నీ అలాగే చుట్టూ తిరిగాయి. పాదాలు, నేల, గోడ అన్నీ పేర్చి, చీమలు గూట్లోకి వెళ్ళిపోయాయి. ఆ చోటు నల్లగానే ఉంది.

స్నేహ పుట్టిన కొత్తలో నీళ్ళు పోస్తూ, మురికనుకుని దయామణి రెండుసార్లు రుద్దిన పుట్టుమచ్చ అది.

ఒకటీ యాభై ఆరుకు డాక్టరు ఫోన్ తీశాడు.

"సూది పడనిది ఆ పాపకు కాదు సార్, పెద్దదానికి. నేనే తప్పు రాసినాను."

"ఇప్పుడెలా తెలిసింది?"

"పుంగనూరులో చీమలు పేర్చినాయి సార్."

"ఉమాపతి దగ్గరా? సరే. కొంచెం ఇచ్చి చూసి మొదలుపెడతాను."

తర్వాత స్నేహకు చేసింది. ఫోటో సంగతి, తాను అడగని సంగతి మొత్తం చెప్పింది. "మొన్న మాకు డ్యూటీలో టీకాలేసినప్పుడు, నాకేమీ పడనివి లేవు అని సంతకం పెట్టినా మా," అంది స్నేహ. "పో, పోయి దాన్ని సూడు."

కుప్పం చేరేసరికి అయిదున్నర. సూది పడింది. మొహం వాచలేదు. జెనిఫర్ సెలైన్ పెట్టిన చేయి కదపకుండా పడుకుని ఉంది. నర్సు కొత్త ఫారం తెచ్చి దయామణికిచ్చింది. "పడనివి ఇంకేమైనా ఉంటే రాయండి."

దయామణి పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. "దాన్నే అడుగమ్మా."

"వంకాయ," అంది జెనిఫర్ కళ్ళు మూసుకునే. "నోరంతా దురద."

"యానాటి నుంచి?"

"చిన్నప్పట్నుంచి. అవ్వకు తెల్సు. నీకు చెప్పద్దనింది. ఆడ ఒక్కదానివే కూర్చుని ఏడుస్తావని."

"మరి నెలనెలా నేను పంపే వంకాయ పచ్చడి?"

"వాణికి భలే ఇష్టం మా."

దయామణి స్టూలు మంచం దగ్గరికి లాక్కుంది.

"ఇంకా?" అంది.