మూర పూల టికెట్టు

రామచంద్ర ఆమె బొటనవేలిని పట్టుకుని ఇంకు ప్యాడ్‌కు అదిమాడు.

"ఎయ్యి మే సుభాన్‌బీ, ముద్ర. ఊరంతా ఏసినారు. నీ ఒక్కదాని కోసరం ఈ ఎండలో కాసుకోనుండాల్నా?"

సుభాన్‌బీ నెత్తిమీది గంప దించలేదు. తిరుచానూరులో అమ్మాల్సిన మల్లెలు గంపలోనే వాడిపోతున్నాయి. పొద్దున బస్సు కండక్టరు గంప ఎక్కనివ్వలేదు. ఆటోవాడు మూడు వందలు అడిగాడు. పూలన్నీ అమ్మినా ఆమెకు మిగిలేది రెండు వందల యాభై. ఇంటికి తిరిగిపోతూ, మూతపడిన ఎర్రమిట్ట రైల్వే హాల్టు ముందు ఇతనికి దొరికిపోయింది.

"కాయితంలో ఏమని రాసినావన్నా?"

"ఈ స్టేషన్లో ఎవురూ రైలెక్కింది లేదు, దిగింది లేదు, మాకు అక్కర్లేదు అని. రైలు మళ్లీ నిలపమని ఎవుడో అర్జీ పెట్టినాడంట. నిలిపితే ఈ జాగా నాకు రాదు, నా గోడౌను యాడ కట్టేది?"

రెండేళ్ల కిందటి దాకా ఇదే రామచంద్ర ఇక్కడ కమీషన్ మీద టికెట్లు అమ్మేవాడు. పూలగంపలవాళ్లకు మాత్రం ఇచ్చేవాడు కాదు. 'గంపకూ టికెట్టు తియ్యాల, నలభై అవతాది. మూర పూలిచ్చి ఎక్కండి' అనేవాడు. మూర ఇరవై. ఇరవై మిగిలిందని సుభాన్‌బీ రోజూ మురిసిపోయింది. ఆ మురిపెమే హాల్టును మింగింది. టికెట్లు తెగడం లేదని రైలు ఆగడం మానేసింది.

"నువ్వే గదన్నా టికెట్టు వద్దంటివి!"

"నేనంటే? నీకు బుద్ధుండల్లా?" అతను నవ్వాడు. "నీతో పూలమ్మే మునిరత్నమ్మ గూడా కిక్కురుమనకుండా ఏసిపాయ. నీకేం కొవ్వు?"

తప్పు తనది కూడా. అందుకే రెండేళ్లుగా ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. కానీ ఎవరూ ఎక్కలేదా? పదకొండేళ్లు ఆమె ఈ ప్లాట్‌ఫారం మీద నిలబడింది. కొడుకు షాకిర్ కడుపులో ఉన్నప్పుడు ఎవరో ముసలాయన లేచి కిటికీ పక్కన చోటిచ్చాడు. ఆ గాలి ఇంకా ముఖానికి తెలుస్తోంది. వేలిముద్ర వేస్తే ఆ గాలి ఎవరి ముఖానికి తగిలినట్టు?

"నేను ఎక్కినాను."

రామచంద్ర నవ్వు ఆగింది. "ఆ మాట బయట అనుకో, టికెట్టు యాడ అని అడుగుతారు. పదకొండేండ్ల దొంగ ప్రయాణం. కేసు పెడతారు, తెలుసునా?"

"పెట్టమను. కేసులోనన్నా నేను ఎక్కినట్టు రాస్తారు గదా. మూర పూలు ఎవురికిచ్చినానో గూడా రాయమంటా."

అతను ఆమె చెయ్యి మళ్లీ పట్టుకోబోయాడు. సుభాన్‌బీ నీలపు బొటనవేలిని లోపలికి మడిచి పిడికిలి బిగించింది.